ఎండ ఎక్కడ పడుతుందో రాయి

కొత్త ఇల్లు, వంటగది కిటికీ పక్కన
జూన్ 4

మట్టి పిల్లకి,

ఇల్లు మారానని ముందే ఒక్క ముక్క రాయలేదని మూతి ముడుచుకుంటావని తెలుసు. అంతా హడావిడిగా జరిగిపోయింది. వచ్చి పది రోజులైంది. ఇప్పటికి కాలూ చెయ్యీ ఒక చోట ఆడుతున్నాయి.

ఆ ఒంటి గదిలో నాలుగేళ్ళు ఎలా ఉన్నానో తలుచుకుంటే నాకే వింతగా ఉంది. అక్కడ కిటికీ తీస్తే ఆసుపత్రి బట్టలుతికే చోటు నుంచి ఆవిరి తప్ప గాలి ఎరగను. ఇక్కడ రెండు గదులు, వంటగది, ముందు చిన్న అరుగు, వెనక పెరడు. పెరడు అనే మాట రాసి ఎన్నేళ్ళయిందో. రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పెరడంటే నీ పార్కులాంటిది అనుకునేవు. ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు సంచులు, వంకర తిరిగిన ఇనప ఊచలు. గడ్డిపరక కూడా లేదు. నిన్న సాయంత్రం అందులో నిలబడి, మీ అన్నయ్య ఉంటే ఏం చేసేవాడా అనుకున్నాను. ఏం చేసేవాడు, కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

నువ్వు ముప్పై ఏళ్ళుగా ఊరందరి కోసం మొక్కలు పెంచుతున్నావు. మొక్కలు తెలిసిన మనిషికి కొత్త ఇంటి పెరట్లో ముందుగా ఏం కావాలనిపిస్తుందో రాయి. నేను కుట్టుమిషను మనిషిని. గుడ్డ ఇస్తే ఎక్కడ కత్తెర పెట్టాలో తెలుస్తుంది, నేల ఇస్తే దిక్కు తోచదు. గులాబీలు పెట్టనా, నిమ్మ పెట్టనా, అసలు పార ఎలా పట్టుకోవాలి? మాకు పెద్ద తోటలేం వద్దు, చూస్తే కళ్ళకి చల్లగా ఉంటే చాలు.

ఫోను చేద్దామంటే ఆ గడ్డి కోసే మిషను నీ చెవులు రెండూ తినేసింది. ఉత్తరమే దిక్కు. వెంటనే రాయి.

నీ వదిన


పార్కు క్వార్టర్లు, నాలుగో నంబరు
జూన్ 11

వదినా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఒక మూలకి మట్టి అంటింది, ఏమనుకోకు.

ముందు ఏం నాటాలని అడిగావు. ఏమీ నాటకు. కొత్త ఇంట్లో చేరినవాళ్ళు మొదటి ఆదివారమే నర్సరీకి పరిగెత్తి, పూలున్న మొక్కలన్నీ ఎత్తుకొస్తారు. అక్కడ వాటిని ముస్తాబు చేసి నిలబెడతారు కదా, చూసి మోసపోతారు. రెండో ఆదివారానికి సగం తలలు వాలుస్తాయి. నువ్వు మాత్రం ఒక సుద్దముక్క తీసుకుని పెరట్లో ఎండ ఎక్కడ పడుతుందో గీత గీసుకో. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎండ దిగేటప్పుడు ఒకసారి. ఆ గీతలు నాకు రాయి. ఎండ సంగతి తెలియకుండా మొక్క పెట్టడం కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టడమే.

ఆ తర్వాత నీళ్ళు. కుళాయి ఇంట్లో కాదు, పెరట్లోనే ఉండాలి. చివరి మూల దాకా గొట్టం అందాలి. బిందెలతో మోసి పెంచిన తోట ఏదీ మూడేళ్ళు నిలవడం నేను చూడలేదు. నడుము ముందు పోతుంది, తర్వాత తోట పోతుంది. ఇక మట్టి. ఇల్లు కట్టిన చోట నేలంతా సున్నం, సిమెంటు పొడి ఉంటుంది. రెండు జానల లోతు తవ్వించి, రాళ్ళు ఏరించి, ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ ఊరుకోవాలి. ఈ లోపు ఎవరి కంటా పడని మూల ఒక గుంట తీసి, రాలిన ఆకులూ కూరగాయ తొక్కలూ అందులో వెయ్యి. తోటమాలి ఇల్లు కొంటే గుమ్మం కన్నా ముందు ఆ గుంట ఎక్కడా అని చూస్తాడు.

దారి ఉండాలి. తోపుడు బండి పట్టేంత వెడల్పు, అంటే ఇద్దరు పక్కపక్కన నడిచేంత. ఒకరి వెనక ఒకరు నడిచే తోటలో మాటలుండవు. కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి, కానీ అక్కడి నుంచి కలుపు కనపడుతూ ఉండాలి. చెట్టు ఒక్కటి చాలు. ఇవాళ మొక్క ఎంత ఉందో కాదు, ఇరవై ఏళ్ళకి ఎంత అవుతుందో కళ్ళు మూసుకుని చూసి, అప్పుడు చోటు ఇవ్వు. వంటగది కిటికీ కింద మల్లె. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. ఒక పనికిరాని మూల వదిలెయ్యి. అక్కడ ఏమీ చెయ్యకు, ఊడవకు కూడా. కప్పలూ పిట్టలూ వాటంతట అవే వచ్చి చేరతాయి. మనం చెయ్యనిది కూడా కాస్త ఉంటేనే అది తోట.

ఇదంతా రాస్తుంటే మన పాత ఇంటి పెరడు గుర్తొచ్చింది. వెడల్పు నాలుగు అడుగులు, పొడుగు తొమ్మిది, అన్నయ్య అడుగులతో కొలిస్తే. గులాబీ కొమ్మని తలకిందులుగా పాతి నలభై రోజులు నీళ్ళు పోశాడు చూడు. నువ్వూ నేనూ చూసి కూడా చెప్పలేదు. చివరికి పీకి చూసుకుని, "నేను బైండింగు వాడిని. పుస్తకం తలకిందులుగా కుట్టినా చదువుకునేవాడు తిప్పుకుంటాడు. మొక్క తిప్పుకోలేదా" అన్నాడు. ఉతికే రాయి మీద కూర్చుని మనం ఎంతసేపు నవ్వామో. అన్నయ్య వేళ్ళకి ఎప్పుడూ ఆ బైండింగు జిగురు వాసన ఉండేది. నాకు ఇప్పటికీ ఎక్కడన్నా జిగురు వాసన తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను.

ఇక్కడ అంతా మామూలే. వానలు పడితే గులాబీలకి అంటు కట్టాలి.

"మాకు పెద్ద తోటలేం వద్దు" అని రాశావు. ఒక కుట్టు ఎక్కువ పడ్డట్టుంది. ఎవరితో ఉంటున్నావు?

మట్టి పిల్ల


కొత్త ఇల్లు
జూన్ 19

మట్టి పిల్లకి,

నువ్వు చెప్పినట్టే సుద్దముక్కతో గీతలు గీశాను. పొద్దున ఎండ ఎడమ గోడ మొదట్లో దిగి, మధ్యాహ్నానికి పెరడంతా పరుచుకుని, నాలుగింటికల్లా కుడి మూలకి వెళ్ళి ముడుచుకుని కూర్చుంటుంది. ఆ మూలనే కుర్చీ వేసుకోవాలనిపించింది. కుళాయి పెరట్లోనే ఉంది. ఆ ఒక్క విషయంలో నీ పరీక్ష పాసయ్యాను.

"మాకు" అన్నది చేతి అలవాటు. ఆసుపత్రి కుట్టు గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా "మా మిషను, మా దుప్పట్లు" అనుకుంటూ ఉంటాం కదా.

ఇంకో సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. నువ్వు తిడతావని. పెరడు సగానికి సిమెంటు వేసి ఉంది. నేను రాకముందే మేస్త్రి గారు వేశారు. నున్నగా, నీళ్ళు పోస్తే ముఖం కనపడేలా ఉంటుంది. వాలు చూసి వేశారట, ఈ గుమ్మం దగ్గర గోళీ వదిలితే ఎక్కడా ఆగకుండా కాలువ దాకా పోతుందట. మొన్న సాయంత్రం గోళీ తెచ్చి దొర్లించి చూపించారు కూడా. నిజంగానే ఆగలేదు. మిగిలిన సగంలోనూ పోస్తానంటుంటే, మా ఆడపడుచు జవాబు వచ్చేదాకా ఆగమన్నాను.

సిమెంటు మీద కుండీలు పెట్టుకోవచ్చా?

నీ వదిన


పార్కు క్వార్టర్లు
జూన్ 27

వదినా,

కుండీలు పెట్టుకోవచ్చు. కానీ ఎండాకాలం ఆ సిమెంటు పెనంలా కాలుతుంది, కుండీలో వేళ్ళు ఉడికిపోతాయి. కనీసం గోడ వెంట మూరెడు వెడల్పు పగలగొట్టించు. నేల ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక రెండో సంగతి. ఇల్లు కట్టిన మేస్త్రి పని అయ్యాక తన తాపీ కడుక్కుని వెళ్ళిపోతాడు. ఇల్లుగలావిడ వచ్చి మూడు వారాలయ్యాక కూడా పెరట్లో గోళీలు దొర్లించే మేస్త్రిని నేనెక్కడా చూడలేదు.

చెవులు పోయాయి గానీ కళ్ళు ఉన్నాయి. సూటిగా రాయి.

మట్టి పిల్ల


కొత్త ఇల్లు
జూలై 6

మట్టి పిల్లకి,

సూటిగానే రాస్తున్నాను. మే నెలలో మేస్త్రి గారూ నేనూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. సాక్షి సంతకాలు మా హెడ్ నర్సు ఒకటి, ఆయనతో పనిచేసే రంగుల ఆయన ఒకటి. అరగంటలో అయిపోయింది. మధ్యాహ్నం నేను డ్యూటీకి కూడా వెళ్ళాను.

ఈ ఇల్లు ఆయనదే. ఆయన చేత్తో కట్టుకున్నది. భార్య పోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు. ఊరందరికీ ఇళ్ళు కట్టి, తను అద్దె గదిలో ఉండేవారు. పోయినేడాది మా కుట్టు గది గోడకి చెమ్మ పడితే బాగుచెయ్యడానికి వచ్చారు. మూడు రోజుల పని మూడు వారాలు చేశారు. గోడ తడి ఆరనిదే పూత నిలవదని రోజూ వచ్చి అరచెయ్యి ఆనించి చూసి వెళ్ళేవారు. ఒకరోజు గోడ చూడకుండా నా మిషను బల్ల చూశారు. అది పన్నెండేళ్ళుగా ఊగుతోంది. వంగి, కాలి కింద చిన్న రేకు ముక్క పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు దుప్పటి అంచు ఎంత తిన్నగా వచ్చిందో చెప్పలేను. హెడ్ నర్సు చూసి, "గోడ ఎప్పుడో ఆరిందమ్మా, మేస్త్రికే ఇంకా తడి ఆరలేదు" అంది.

నీకు ముందే చెప్పాలని మూడు ఉత్తరాలు రాసి చింపాను. మీ అన్నయ్య పోయాక నువ్వు రెండేళ్ళు నా పక్కన ఉన్నావు. పెద్ద తోటకి హెడ్ మాలీగా వెళ్ళే అవకాశం వస్తే, "వదిన ఒక్కతే అవుతుంది" అని వదులుకున్నావు. నాకు తెలియదనుకున్నావు గానీ మీ సూపర్‌వైజరు నాకు చెప్పాడు. ఇల్లుగలాయన ఆ ఇల్లు అమ్మేశాకే కదా మన దారులు రెండైంది. అంత చేసిన మనిషికి, మీ అన్న స్థానంలో ఇంకొకరు వచ్చారని ఏ ముఖం పెట్టుకుని రాయను?

నేను మీ అన్నయ్యని మరిచిపోయి ఇది చెయ్యలేదు. మేస్త్రి గారు కూడా మరిచిపొమ్మనలేదు. రాత్రి భోజనాల దగ్గర మీ అన్నయ్య కబుర్లు చెబితే ఆయన గట్టిగా నవ్వుతారు. ఆ గులాబీ కొమ్మ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

కోపం ఉంటే కోపంగానే రాయి. రాయడం మాత్రం మానకు.

నీ వదిన


పార్కు క్వార్టర్లు
జూలై 14

గౌరవనీయులైన వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. మీ వారికి నా నమస్కారాలు తెలియజేయగలరు.

నిమ్మ మొక్క గోడకి ఆరడుగుల దూరంలో పెట్టించండి. గులాబీలకి పొద్దుటి ఎండ చాలు కనుక ఎడమ గోడ వైపు మేలు. వానలు తగ్గేవరకు తొందరపడవద్దు. పాదులో నీరు నిలవకుండా చూసుకోండి.

ఇక పెరటి పనులకి మీకు తోడు ఉన్నారు కనుక నా సలహాలు అవసరం ఉండదనుకుంటాను.

ఇట్లు
మీ ఆడపడుచు


కొత్త ఇల్లు
జూలై 30

మట్టి పిల్లకి,

నన్ను "గారు" అన్నావు. పెళ్ళయి మీ ఇంటికి వచ్చిన మొదటి రోజు కూడా నువ్వు నన్ను "గారు" అనలేదు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "వదినా, నీకు పేడపురుగులంటే భయమా" అని అడిగి పెరట్లోకి లాక్కెళ్ళావు. కొత్త చీర అంచు మట్టైతే మీ అన్నయ్య నిన్ను తిట్టబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ రోజు నేను నవ్వకుండా ఉండి ఉంటే మనం ఇద్దరం ఇలా అయ్యేవాళ్ళం కాదేమో.

తిట్టు. పోట్లాడు. ఇంటికి వచ్చి మరీ పోట్లాడు. నీ మర్యాద మాత్రం నాకు వద్దు. అది నా ఒంటికి సరిపోలేదు, ఎక్కడ విప్పి కుట్టాలో తెలియడం లేదు.

నీ వదిన


కొత్త ఇల్లు
ఆగస్టు 20

అమ్మా,

మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక సగం పూట పోయింది. చివరికి ఇలా మొదలుపెట్టాను. తప్పైతే మన్నించండి. నేను మేస్త్రిని. చేతికి తాపీ అలవాటు గానీ కలం అలవాటు లేదు.

జూలై నెలాఖరున మీ వదిన రాసిన ఉత్తరం వారం క్రితం తిరిగి వచ్చింది. కవరు మీద ఎర్ర సిరాతో "ఈ చిరునామాలో లేరు" అని రాసి ఉంది. పోస్టు వచ్చేసరికి ఆవిడ డ్యూటీలో ఉంది. నేను తీసి దాచాను. ఎందుకు దాచానో తెలియదు. ఆవిడ రోజూ పోస్టు వేళకి గేటు వైపు చూస్తుంటే నా వల్ల కాక, నిన్న పొద్దున్నే బస్సెక్కి మీ పార్కుకి వెళ్ళాను.

గేటుకి రేకులు కొట్టేశారు. పార్కుని కంట్రాక్టరుకి ఇచ్చేశారనీ, పాత పనివాళ్ళందరినీ పంపేశారనీ, క్వార్టర్లు ఖాళీ చేయించారనీ వాచ్‌మన్ చెప్పాడు. ఈ సంగతి మీకు మే నెలలోనే తెలుసని కూడా చెప్పాడు. అంటే మీరు మా పెరట్లో ఏం ఉండాలో రాస్తున్నప్పుడు, మీకు నిలవ నీడ లేకుండా పోతోందన్నమాట. "ఇక్కడ అంతా మామూలే" అని రాశారు.

వాచ్‌మన్ చెప్పిన గుర్తులతో డిపో రోడ్డు నర్సరీకి వచ్చాను. రోడ్డుకి ఇవతల నిలబడి మిమ్మల్ని చూశాను. ఎవరో ఒకావిడ నిండా పూసిన గులాబీ మొక్క పట్టుకుంటే మీరు గట్టిగా, "ఇది ఇప్పుడు తీసుకెళ్ళకండి, మీ ఇంట్లో వారం బతకదు" అన్నారు. నర్సరీ ఆయన మీ వైపు గుడ్లురిమి చూశాడు. నాకు నవ్వొచ్చింది. గోడకి పగులుంటే ఇల్లు కొనేవాళ్ళకి ముందే చెప్పి నేను పోగొట్టుకున్న పనులు గుర్తొచ్చాయి. చేతినిండా మట్టితో ఉన్న మనిషిని ఆపి నేను ఫలానా అని చెప్పుకోవడం బాగుండదని పలకరించలేదు. ఈ ఉత్తరమూ, తిరిగొచ్చిన ఉత్తరమూ ఇవాళ మళ్ళీ వచ్చి నర్సరీ ఆయన చేతికి ఇస్తున్నాను.

సిమెంటు సంగతి కూడా చెప్పాలి. నలభై ఏళ్ళు బురదలో నిలబడి పని చేశాను. వానాకాలమంతా నా కాలి వేళ్ళ మధ్య ఒరిసిపోయి ఉండేది. నా సొంత ఇంట్లో పొడి నేల మీద నడవాలని నా కోరిక. అంతే తప్ప మీ మొక్కల మీద పగ లేదు. పెరడు గురించి మీరు రాసిన మొదటి ఉత్తరం మీ వదిన నాకు చదివి వినిపించింది. అది సలహా రాసినట్టు లేదమ్మా, ఆకలి రాసినట్టు ఉంది. ఆ పెరడు మా కోసం కాదు, మీరు మీ కోసం ఎన్నేళ్ళ నుంచో మనసులో కట్టుకున్నది. ఇళ్ళు కట్టేవాడిని, ఆ మాత్రం నాకు తెలుస్తుంది.

ఈ సంగతులు ఇంట్లో ఇంకా చెప్పలేదు. దాచడం నాకు చేతకాదు, వారం దాచేసరికే అన్నం సయించడం లేదు. ఆదివారం దాకా ఆగుతాను. ఈ లోపు మీరే రాస్తే బాగుంటుంది.

మేస్త్రి


డిపో రోడ్డు, మూడో అంతస్తు గది
ఆగస్టు 22

వదినా,

ఈ ఉత్తరం అందేసరికి మేస్త్రి గారు కాస్త తేలిగ్గా ఉంటారు. ఆయన్ని ఏమీ అనకు. పార్కు పోయింది, క్వార్టర్లు పోయాయి. పొద్దున పూట నర్సరీలో పని చేస్తున్నాను. మెట్లు నలభై ఆరు ఎక్కితే నా గది. కిటికీలోంచి కనిపించేవన్నీ నీళ్ళ ట్యాంకులే. గదిలో మట్టి లేదు. చేతులు కడుక్కుంటే పోయేంత తప్ప.

పార్కులో ఆఖరి రోజు తాళాలు ఇచ్చేసి, నా చేత్తో పెట్టిన చెట్లన్నీ ఒకసారి తాకి వద్దామని బయలుదేరాను. మధ్యాహ్నం దాకా తిరిగినా సగం కూడా అవలేదు. అప్పుడే మొదటిసారి, ముప్పై ఏళ్ళు తక్కువ కాలమేం కాదనిపించింది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే వెంటనే వచ్చెయ్యమంటావు. నాకు ఆ అర్హత లేదు. ఎందుకు లేదో ఇప్పుడు రాస్తాను. చదివాక నువ్వు నన్ను "గారు" అన్నా నేను కాదనలేను.

నువ్వు పెళ్ళి చేసుకున్నందుకు నాకు కోపం రాలేదు. ఆ ఉత్తరం చదివి నాకు సిగ్గేసింది. అన్నయ్య ఆఖరి వారంలో నీకు చెప్పమని నాకొక మాట చెప్పాడు. నీకు ఎవరైనా తోడు దొరికితే కాదనకూడదని. తనే చెప్పమన్నాడని చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. మొదటి నెలల్లో నీ పరిస్థితి చూసి నోరు రాలేదు, అది నిజమే. కానీ ఆ తర్వాత ఏడాదికీ, రెండేళ్ళకీ చెప్పకపోవడానికి అది కారణం కాదు. నువ్వు ఇంకొకరితో వెళ్ళిపోతే నేనొక్కదాన్నే మిగులుతానని చెప్పలేదు. హెడ్ మాలీ పని వదులుకున్నది కూడా నీ కోసమని నువ్వనుకుంటున్నావు. నా కోసమే, వదినా. సాయంత్రం ఇంటికి వస్తే దీపం వెలిగించి ఉండే ఇల్లు నాకు అదొక్కటే.

ఆరేళ్ళ తర్వాత నువ్వు భయపడుతూ, చింపి రాసి, చింపి రాసి, నాకు సంజాయిషీ చెప్పుకున్నావు. ఏ మాట నీకు ఎప్పుడో చేరాల్సిందో ఆ మాట నా దగ్గర మూలుగుతోంది. అప్పుడిక "వదినా" అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇంతే. కుడి మూల ఎండలో కుర్చీ వేసుకో. బాగుంటుంది.

నీ ఆడపడుచు


కొత్త ఇల్లు
సెప్టెంబరు 5

ఒసేయ్,

నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మామూలు కోపం కాదు. మేస్త్రి గారితో కూడా మాట్లాడలేదు. కుట్టు గదిలో ఒకే దుప్పటికి అంచు రెండుసార్లు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. ఆ నాలుగేళ్ళ ఒంటి గది, ఆ ఆవిరి కిటికీ, జ్వరం వస్తే గ్లాసు నీళ్ళిచ్చే దిక్కు లేని పూటలు అన్నీ లెక్కపెట్టి నీ ఖాతాలో వేశాను.

ఐదో రోజు పొద్దున బస్సులో నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. నువ్వు ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? చెంప పగలగొట్టేదాన్ని. నిజం. రెండేళ్ళకి చెప్పినా అంతే. ఆ మాట వినే చెవి అప్పుడు నాకు లేదు. పైగా నా పెళ్ళికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీ అన్నయ్యది కూడా. నువ్వు చేసింది తప్పు కాదని అనను. తప్పే. కానీ ఆ రెండేళ్ళు సాయంత్రం దీపం నేను వెలిగించింది నాకోసం కాదు. గేటు చప్పుడు చేస్తూ వచ్చే ఒక మట్టి మనిషి కోసం. ఇంట్లో ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఉంటూ, ఎవరికి వాళ్ళం దొంగల్లా ఫీలయ్యాం. మీ అన్నయ్య చూస్తే నవ్వేవాడు.

పోయిన ఆదివారం నేను లేచేసరికి పెరట్లో గునపం చప్పుడు. మేస్త్రి గారు సిమెంటు పగలగొడుతున్నారు. మూరెడు కాదు, మొత్తం. వద్దని ఆపబోయాను. "పోసినవాడిని నేను, పగలగొట్టే హక్కు నాకుంది" అన్నారు. వీపంతా చెమట. సాయంత్రానికి పెళ్ళలన్నీ గోడ పక్కన పేర్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని, "వాలు మాత్రం బాగా కుదిరింది" అని ఒక్కసారి అన్నారు. ఇక ఎత్తలేదు. అరిగిన చెప్పులు రెండు జతలు గుమ్మం దగ్గర పెట్టుకున్నారు, బురదలోకి ఒకటి, పొడిలోకి ఒకటి.

ముందు గది ఖాళీగా ఉంది. మొహమాటానికి రమ్మనడం లేదు. చుట్టపుచూపుగా వస్తే రావొద్దు. రాళ్ళు ఏరాలి, గుంట తియ్యాలి. మాకిద్దరికీ చేతకాదు. నాకు తెలిసిన తోటమాలివి నువ్వొక్కదానివే.

ఇంకొకటి. మీ అన్నయ్య చెప్పినదాని సారాంశం రాశావు. సారాంశం నాకెందుకు? ఆరేళ్ళుగా ఆయన కొత్త మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. ఉన్నవే తిరగేసి మరగేసి వాడుకుంటున్నాను. ఇప్పుడు ఒకటి ఉందని తెలిసింది. ఆయన నోట ఎలా వచ్చిందో అలాగే రాయి. దిద్దకు.

వదిన


డిపో రోడ్డు, మూడో అంతస్తు గది
సెప్టెంబరు 13

వదినా,

శనివారం పదకొండింటి బస్సుకి వస్తున్నాను. వానాకాలం అయ్యేదాకా మీ ముందు గదిలో ఉంటాను. ఆ తర్వాత ఉండను, ఇప్పుడే చెబుతున్నాను, అప్పుడు గొడవ వద్దు. మీ ఇద్దరి ఇంట్లో మూడో మనిషిగా సర్దుకుపోవడం నాకు రాదు, మీకూ వద్దు. మీ వీధిలోనే, తలుపు తీస్తే నేల తగిలే గది ఒకటి చూసి పెట్టమని మేస్త్రి గారికి చెప్పు. గోడలకి చెమ్మ ఉన్నా ఫరవాలేదు, ఆయన చూసుకుంటారు. సాయంత్రాలు గేటు చప్పుడు చేస్తూ వస్తాను. ఉదయం నీ పెరడు, మధ్యాహ్నం నుంచి నా పని. మీ దగ్గర బడి తోటకి మనిషి కావాలని నర్సరీ ఆయనే చెప్పాడు. నన్ను వదిలించుకోవడానికి ఆయన చాలా కష్టపడ్డాడు పాపం, నేనున్న నెలన్నరలో ఆయన పూల మొక్కలు సగం కూడా అమ్ముడుపోలేదు.

మేస్త్రి గారితో నాకు రెండు పేచీలున్నాయి. ఆ సిమెంటు పెళ్ళలు పారెయ్యొద్దు, దారి వెయ్యడానికి పనికొస్తాయి. రెండోది, వాలు చెడగొట్టొద్దు. నిజంగానే బాగా కుదిరి ఉంటే వాననీళ్ళు నిలవవు. అది చేసినవాడు మంచి పనివాడు.

ఇక నువ్వడిగింది. ఇవాళ పొద్దున్నుంచీ కూర్చుని ఒక్కొక్క ముక్కే గుర్తు చేసుకున్నాను. ఈ మాటల కింద నా సంతకం బాగుండదు. అందుకని పెట్టను.

అది మంగళవారం, మధ్యాహ్నం దాటింది. అన్నయ్యని పెరట్లో మంచం మీద పడుకోబెట్టాం, ఎండ తగులుతుందని. నేను కుండీల్లో కలుపు తీస్తున్నాను. నిన్ను మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపాడు. కుండలో అడుగున ఉన్నవి కావాలన్నాడు, నీకు ఆలస్యం కావాలని. అప్పటికే నా చెవులు సగం పోయాయి కదా, గట్టిగా చెబితే నువ్వు వింటావు, మెల్లిగా చెబితే నేను వినను. "ఇలా రావే, చెవి ఇలా పెట్టు" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టాను.

"మీ వదిన ఒక్కతే ఉంటే వండుకోదు. పొయ్యి దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి అయిందనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని తినే మనిషి ఉండాలి దానికి. అలాంటివాడు ఎవడైనా కనపడితే వద్దనొద్దని చెప్పు. నేనే చెప్పానని చెప్పు. నేను చెబితే ఇప్పుడే కొడుతుంది, దెబ్బ తినే ఓపిక లేదు నాకు. నువ్వు చెప్పు, నిదానంగా. వాడికి కోపం తక్కువుండాలి. నవ్వాలి. దాని వంటలో ఉప్పు తక్కువని మొదటి నెలలోనే చెప్పొద్దని చెప్పు, నేను చెప్పి చెడ్డాను." ఇంకేదో చెప్పబోయి ఆయాసపడ్డాడు. ఆయాసం తగ్గాక, "నువ్వు కూడా ఒక్కదానివే అయిపోకు. అది వెళితే దాని వెనకే వెళ్ళు. సిగ్గుపడకు" అన్నాడు.

ఈ చివరి మాట నేను పోయిన ఉత్తరంలో రాయలేదు. ఇన్నాళ్ళూ నాకు కూడా చెప్పుకోలేదు.

అంతలో నువ్వు గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "అన్నాచెల్లెళ్ళు ఏం గుసగుసలాడుకుంటున్నారు" అని అడిగావు.

అన్నయ్య నా వైపు ఒకసారి చూసి, "మొక్కల గురించే" అన్నాడు.